దంపతులలో ఒకరి పరపతి చెడినప్పుడు గృహరుణం: అప్పు పత్రంలో పేరు, దస్తావేజులో పేరు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. వారు రెండు వేర్వేరు కష్టాలుగా చెప్పిన ఆ పనులు నేడు బ్యాంకు అధికారి బల్ల ముందు ఒక్కటవుతున్నాయి. భార్యాభర్తలు కలిసి గృహరుణానికి దరఖాస్తు చేసుకొన్నప్పుడు ఇద్దరి ఆదాయాలతోపాటు ఇద్దరి పాత అప్పుల చరిత్ర కూడా బయటికి వస్తుంది. పెళ్లినాటికి ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్నలను ఇరవై ఏళ్ల తరువాత బ్యాంకు అడుగుతుంది.

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ తీసుకొంటే విషయం స్పష్టమవుతుంది. కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చి హోసూరులో స్థిరపడిన తెలుగు దంపతులు. భర్తకు కర్మాగారంలో నెలకు 26,000 రూపాయల జీతం. భార్య ఒక ప్రైవేటు పాఠశాలలో గుమాస్తా. జీతం 18,000 రూపాయలు. వారు చూసుకొన్న ఇంటి ధర 22 లక్షలు. చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయి. తక్కిన 18 లక్షలకు బ్యాంకును ఆశ్రయించారు. రెండు రోజుల తరువాత అధికారి చెప్పిన మాట ఇది: “అమ్మా, మీ స్కోరు బాగుంది. మీ వారిదే బాగా తక్కువగా ఉంది. వారి పేరు తీసేసి మీ ఒక్కరి పేరుమీద పెట్టుకోండి.”

వినడానికి ఇది సులువైన మార్గమే. కాని భర్త పేరుతోపాటు దరఖాస్తులో నుంచి ఇంకేమేమి తొలగిపోతున్నాయో ఆ దంపతులకు ఎవరూ చెప్పలేదు. ఆయన జీతం తొలగిపోతుంది. చాలా సందర్భాలలో ఇంటి దస్తావేజులో ఆయన పేరు కూడా తొలగిపోతుంది. ఉదాహరణలో స్కోరు చెడినది భర్తది. భార్యది చెడిన కుటుంబాలూ తక్కువ కావు. ఎవరిదైనా, పేరు తీసివేయడానికి ముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

పెళ్లితో కలవని లెక్క

పరపతి స్కోరు వ్యక్తికి సంబంధించినది, కుటుంబానికి కాదు. పెళ్లి వలన ఇద్దరి స్కోర్లు కలవవు. భర్త అప్పు ఎగవేసినంత మాత్రాన భార్య స్కోరు తగ్గదు. భార్య సక్రమంగా కట్టినంత మాత్రాన భర్త స్కోరు పెరగదు. ఇద్దరూ కలిసి ఒక అప్పుపై సంతకం చేసినప్పుడు మాత్రమే ఆ ఒక్క అప్పు ఇద్దరి చరిత్రలోనూ నమోదవుతుంది. ఒకరి అప్పుకు మరొకరు జామీను ఉన్నప్పుడు కూడా అంతే.

మన దేశంలో ఈ చరిత్రను భద్రపరచే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ఇవి 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టం క్రింద, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో పనిచేస్తాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ ఖాతాదారుల చెల్లింపుల వివరాలను ఈ సంస్థలకు పంపుతూ ఉంటాయి. కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమలులోకి వచ్చింది. ఆ వివరాల ఆధారంగా 300 నుంచి 900 వరకు ఒక అంకెను నిర్ణయిస్తారు. సాధారణంగా 750 పైబడితే మంచి స్కోరుగా పరిగణిస్తారు. అయితే రుణానికి కనీస స్కోరు ఇంత ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదు. ఎవరి హద్దు ఎక్కడ అన్నది ఆ బ్యాంకే నిర్ణయించుకొంటుంది. అందువలన ఒక బ్యాంకు కాదన్నంత మాత్రాన అన్ని బ్యాంకులూ కాదన్నట్లు కాదు.

ఇంతవరకు ఒక్క అప్పూ తీసుకోని భార్యకో భర్తకో స్కోరే ఉండదు. ఇది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది.

సరిహద్దు దాటినా వెంట వచ్చే చరిత్ర

సరిహద్దు గ్రామాలలో ఒక అపోహ బలంగా ఉంది. అటువైపు రాష్ట్రంలో తీసుకొన్న అప్పు ఇటువైపు బ్యాంకుకు తెలియదని చాలామంది అనుకొంటారు. బళ్లారిలో కాపురముండి అనంతపురం జిల్లాలో పంట రుణం తీసుకొన్నా, యానాంలో ఉండి కాకినాడలో ద్విచక్ర వాహనం అప్పుపై కొన్నా, రాయగడలో ఉండి పార్వతీపురంలో బంగారం తాకట్టు పెట్టినా, ఆ వివరాలన్నీ ఒకే చోటికి చేరుతాయి. రాష్ట్రాల సరిహద్దు భూమికి ఉంది గాని పరపతి చరిత్రకు లేదు. ఊరి వడ్డీ వ్యాపారి వద్ద తీసుకొన్న చేబదులు మాత్రమే అందులో కనిపించదు.

ఈ ప్రాంతపు కుటుంబాలలో ఒకరి చరిత్ర చెడిపోవడానికి తరచుగా కనిపించే కారణాలు నాలుగు.

మొదటిది పంట రుణమాఫీ. దీనిని కన్నడంలో సాల మన్నా అంటారు; తమిళంలో కడన్ తళ్ళుబడి. పేరేదైనా ఆశ ఒక్కటే. 2008లో కేంద్ర ప్రభుత్వం, 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు, 2018లో కర్ణాటక, 2024లో మరల తెలంగాణ మాఫీలు ప్రకటించాయి. వీటికి పరిమితులు ఉన్నాయి. 2014 నాటి రెండు రాష్ట్రాల మాఫీలైతే ఏళ్ల తరబడి విడతలుగా అమలయ్యాయి. పరిమితికి మించిన అసలు, మధ్యకాలంలో పెరిగిన వడ్డీ రైతు పేరుమీదనే మిగిలాయి. మాఫీ అయిపోయిందనుకొని బ్యాంకు వైపు తిరిగి చూడనివారి ఖాతాలు మొండి బాకీలుగా మారాయి.

రెండవది జామీను. అన్నదమ్ముల ట్రాక్టరు అప్పుకో, బావమరిది దుకాణం అప్పుకో మొహమాటం కొద్దీ సంతకం చేసినవారు దానిని మరచిపోతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత, వేరే ఒప్పందం లేనంతవరకు, అప్పు తీసుకొన్నవాని బాధ్యతతో సమానం. అవతలివారు కట్టకపోతే ఆ మచ్చ ఇతని చరిత్రకూ అంటుతుంది.

మూడవది సంఘాలలోను, బృందాలలోను స్త్రీలు తీసుకొనే అప్పులు. అప్పు బృందానిదైనా సభ్యురాలి పేరుమీద విడిగా నమోదవుతుంది. తన పేరుమీద తీసుకొన్న సొమ్మును భర్త వ్యాపారంలో పెట్టి, వాయిదాలు తప్పినప్పుడు, చెడేది భార్య స్కోరే.

నాలుగవది ‘సెటిల్‌మెంట్’. బాకీలో కొంత కట్టించుకొని బ్యాంకు ఖాతాను ముగించినప్పుడు నివేదికలో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అప్పు పూర్తిగా తీరినప్పుడు పడే ‘క్లోజ్డ్’ అన్న మాటకూ దీనికీ చాలా భేదం ఉంది. అలాగే ‘రైటాఫ్’ అంటే మాఫీ కాదు. బ్యాంకు తన లెక్కల సౌకర్యం కోసం ఆ బాకీని పక్కకు తీసిపెట్టిందని మాత్రమే దాని అర్థం. వసూలు చేసే హక్కు బ్యాంకుకు అలాగే ఉంటుంది.

మొదట చదువవలసినది నివేదిక

స్కోరు తక్కువ అన్న మాట వినగానే పేరు తీసివేసే బదులు, ఎందుకు తక్కువో చూడాలి. స్కోరు ఒక అంకె మాత్రమే. కారణం నివేదికలో ఉంటుంది. నాలుగు సంస్థలలో ప్రతి ఒక్కటీ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఆ సంస్థల వెబ్‌సైటులలో పాన్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి పొందవచ్చు. అన్ని బ్యాంకులూ అన్ని సంస్థల నివేదికలనూ చూడవు. కనుక నాలుగింటినీ తెప్పించుకొని పోల్చి చూడడం మేలు. సొంత నివేదికను తాను చూసుకొన్నందువలన స్కోరు తగ్గదు.

నివేదికలో మూడు విషయాలు పరిశీలించాలి. అందులో ఉన్న అప్పులన్నీ తమవేనా? తీరిపోయిన అప్పులు తీరినట్లుగానే చూపబడ్డాయా? వాయిదా తప్పిన రోజుల లెక్క సరిగా ఉందా?

మొదటి ప్రశ్న సరిహద్దు కుటుంబాలకు మరింత ముఖ్యం. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు పొడి అక్షరమవుతుంది. పెళ్లయిన స్త్రీకి ఒక పత్రంలో పుట్టింటి పేరు, మరొక పత్రంలో భర్త పేరు ఉంటాయి. ఒకే పేరును తమిళ గుమాస్తా ఒక విధంగా, కన్నడ గుమాస్తా మరొక విధంగా, తెలుగు గుమాస్తా వేరొక విధంగా ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తారు. ఇందువలన ఒకరి అప్పు మరొకరి ఖాతాలో కలిసిపోవడం, తీరిన అప్పు వేరొక పేరుక్రింద మిగిలిపోవడం జరుగుతాయి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఈ మూడింటిలోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండేటట్లు సరిచేసుకోవడం ఇంటి వేటకు ముందే చేయవలసిన పని. ఒక వ్యక్తికి ఒకే పాన్ ఉండాలన్నది చట్టం. పొరపాటున రెండు ఉంటే ఒకటి తిరిగి అప్పగించాలి.

తప్పు కనబడితే ఆ పరపతి సంస్థకే ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. అప్పు ఇచ్చిన బ్యాంకుకు కూడా వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫిర్యాదును 30 రోజులలో పరిష్కరించాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఆ విధానం వివరిస్తారు.

అప్పు నిజమే అయితే మార్గం వేరు. మిగిలిన బాకీ ఎంతో బ్యాంకు నుంచి వ్రాతలో తీసుకొని, పూర్తిగా చెల్లించి, బాకీ లేదన్న పత్రం పొందాలి. ‘సెటిల్డ్’ అని ఉన్న ఖాతాలో కూడా మిగిలిన తేడా సొమ్ము చెల్లిస్తామని అడిగి, ‘క్లోజ్డ్’గా మార్పించుకొనే ప్రయత్నం చేయవచ్చు. పాత ఆలస్యాల జాడ వెంటనే మాయం కాదు. కాని బాకీ ఉన్నవానికీ, ఒకప్పుడు ఆలస్యమై తరువాత తీర్చినవానికీ బ్యాంకు దృష్టిలో తేడా ఉంటుంది.

మూడు దారులు, మూడు లెక్కలు

బ్యాంకులు సాధారణంగా నెలసరి వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సుమారు సగం మించకుండా చూస్తాయి. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు అనుకొంటే లక్షకు నెలకు సుమారు 900 రూపాయల వాయిదా పడుతుంది. ఈ లెక్కను హోసూరు దంపతులకు వర్తింపజేస్తే వారి ముందున్న దారులు తెలుస్తాయి.

మొదటి దారి: భార్య ఒక్కరే దరఖాస్తు చేయడం. ఆమె జీతం 18,000లో సగం 9,000. దానికి వచ్చే అప్పు సుమారు 10 లక్షలు. కావలసినది 18 లక్షలు. తేడా ఎనిమిది లక్షలు. ఈ తేడాను వడ్డీ వ్యాపారి వద్ద తెచ్చి పూడ్చుకోవాలని చూస్తే, బ్యాంకు వాయిదాతోపాటు ఆ వడ్డీ కూడా అదే రెండు జీతాల మీద పడుతుంది. కొంతకాలానికి మంచిగా ఉన్న భార్య స్కోరు కూడా చెడిపోయే ప్రమాదం ఉంది.

రెండవ దారి: ఇద్దరూ కలిసి వేరొక బ్యాంకును ఆశ్రయించడం. ఇద్దరి ఆదాయం 44,000. సగం 22,000. దానిపై 24 లక్షల వరకు అర్హత ఉంటుంది. ఉమ్మడి దరఖాస్తులో కొన్ని బ్యాంకులు ఇద్దరిలో తక్కువ స్కోరునే ప్రమాణంగా తీసుకొంటాయి. కొన్ని ప్రధాన రుణగ్రహీత స్కోరుకు ప్రాధాన్యం ఇస్తాయి. కనుక దరఖాస్తు పెట్టకముందే ఈ ప్రశ్న అడగాలి. స్కోరును బట్టి వడ్డీ రేటు నిర్ణయించే బ్యాంకులు కూడా ఉన్నాయి. 9 శాతానికి బదులు 10 శాతం వడ్డీ పడితే 18 లక్షలకు వాయిదా 16,195 నుంచి 17,370 రూపాయలకు పెరుగుతుంది. నెలకు 1,175 రూపాయలు తక్కువగానే కనిపిస్తాయి. 20 ఏళ్లకు అవి రెండు లక్షల 82 వేలు. అయితే మారే వడ్డీ గల గృహరుణాన్ని వ్యక్తులు ముందుగా తీర్చివేసినా, వేరొక బ్యాంకుకు మార్చుకొన్నా జరిమానా ఉండరాదు. స్కోరు మెరుగుపడిన తరువాత తక్కువ వడ్డీకి మారే అవకాశం ఆ విధంగా తెరచి ఉంటుంది.

మూడవ దారి: కొంతకాలం ఆగి, చెడినదానిని బాగుచేసుకొని, అప్పుడు కలిసి దరఖాస్తు చేయడం. ఆగినందుకు అద్దె ఖర్చవుతుంది. ఇంటి ధర పెరగవచ్చు. నెలకు 6,000 అద్దె అనుకొంటే ఏడాదికి 72,000. దానిని పై రెండు దారుల నష్టంతో పోల్చి చూసుకోవాలి.

ఏ దారిలోనైనా ఒక జాగ్రత్త అవసరం. ఒక బ్యాంకు కాదనగానే వారం తిరగకుండా నాలుగైదు బ్యాంకులలో దరఖాస్తులు పెట్టరాదు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ బ్యాంకు నివేదికను తెప్పించుకొంటుంది. ఆ విచారణలు కూడా నమోదై స్కోరును కొంత తగ్గిస్తాయి. తిరస్కరణకు ముఖ్య కారణాలను వ్రాతపూర్వకంగా తెలుపుమని మొదటి బ్యాంకును అడగడం మేలైన పద్ధతి.

అప్పులో ఎవరు, ఇంటిలో ఎవరు

గృహరుణంలో రెండు వేర్వేరు పత్రాలు ఉంటాయి. అప్పు ఒప్పందం ఒకటి, ఇంటి విక్రయ దస్తావేజు మరొకటి. మొదటిది ఎవరు కట్టాలో చెబుతుంది. రెండవది ఇల్లు ఎవరిదో చెబుతుంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు.

బ్యాంకుల సాధారణ నియమం ఇది: ఇంటికి యజమానులైన వారందరూ అప్పులో చేరాలి. అప్పులో చేరిన వారందరూ యజమానులు కానక్కరలేదు. దీని ఫలితం జాగ్రత్తగా గమనించాలి. స్కోరు చెడినందున భర్తను అప్పు నుంచి తప్పిస్తే, దస్తావేజు నుంచి కూడా తప్పించవలసి వస్తుంది. ఆ తరువాత ఇరవై ఏళ్లపాటు వాయిదాలలో సగం ఆయన జీతం నుంచే వెళ్లినా కాగితం మీద ఇల్లు ఆయనది కాదు.

ఇదే తలక్రిందులైతే మరింత బాధాకరం. బృంద రుణంలో స్కోరు చెడిన భార్యను తప్పించి భర్త పేరుమీదనే ఇల్లు కొంటారు. ఆమె నగలు అమ్మి ముందు సొమ్ము కడుతుంది. కుట్టుపని చేసి ఇల్లు నడుపుతుంది. భర్త ఆ ఇంటిని అమ్మదలచినా, తిరిగి తాకట్టు పెట్టదలచినా దస్తావేజులో లేని ఆమె సంతకం అవసరం రాదు. ఇంకొక స్థితి కూడా ఉంది. ఆదాయం చూపడం కోసం భార్యను సహ రుణగ్రహీతగా చేర్చి, దస్తావేజు మాత్రం భర్త పేరుమీద వ్రాయించడం. అప్పుడు ఆమెకు బాధ్యత ఉంటుంది, హక్కు ఉండదు. ఉమ్మడి అప్పులో సగం నాది, సగం నీది అన్న విభజన బ్యాంకుకు పట్టదు. మొత్తం సొమ్మును ఇద్దరిలో ఎవరి నుంచైనా వసూలు చేయవచ్చు.

మరణానంతర హక్కులు కూడా తెలుసుకోవాలి. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం వీలునామా లేకుండా భర్త మరణిస్తే ఆయన ఆస్తిలో భార్య, పిల్లలు, ఆయన తల్లి సమాన భాగస్తులు. భార్య స్వార్జిత ఆస్తి అయితే మొదట పిల్లలకు, భర్తకు చెందుతుంది. కనుక అత్తగారికి భాగం పోతుందేమో అన్న భయమున్న కుటుంబమైనా, పిల్లలు లేని దంపతులైనా వీలునామా వ్రాసుకోవడం మంచిది. ముస్లిములకు, క్రైస్తవులకు వారి వారసత్వ చట్టాలు వేరుగా ఉన్నాయి.

ఒకరి పేరుమీదనే కొనక తప్పనప్పుడు కొన్ని రక్షణలు ఉన్నాయి. ముందు సొమ్ములోను, వాయిదాలలోను రెండవవారి వాటా నగదుగా కాక వారి బ్యాంకు ఖాతా నుంచి వెళ్లాలి. ఆ లెక్క భద్రపరచుకోవాలి. తన ఆదాయంతో భార్య పేరుమీదనో భర్త పేరుమీదనో ఇల్లు కొనడం బినామీ కాదు. ఆ సొమ్ముకు సక్రమమైన ఆధారం ఉండాలి. స్కోరు మెరుగుపడిన తరువాత దానపత్రం ద్వారా భాగం వ్రాసి రెండవవారిని యజమానిగా చేర్చవచ్చు. ఇల్లు తనఖాలో ఉన్నంతకాలం దానికి బ్యాంకు అంగీకారం అవసరం. స్టాంపు సుంకం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ముందుగా విచారించాలి.

భార్య పేరుమీద కొనడం వలన కొన్ని రాష్ట్రాలలో లాభం కూడా ఉంది. మహారాష్ట్రలో స్త్రీ పేరుమీద నివాసగృహం కొంటే స్టాంపు సుంకంలో ఒక శాతం రాయితీ 2021లో వచ్చింది. ఒడిశాలోను స్త్రీలకు సుంకం తక్కువ. తమిళనాడులో పది లక్షల లోపు విలువగల ఆస్తికి రిజిస్ట్రేషన్ రుసుములో ఒక శాతం తగ్గింపు 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. భర్తతో కలిపి ఉమ్మడిగా వ్రాయిస్తే రాయితీ వర్తిస్తుందా లేదా అన్నది ముందే అడగాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాతబాకీదారులకు దొరకకుండా చేయడానికి భర్త తన సొంత ఆస్తిని భార్య పేరుమీదికి మారిస్తే ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. భార్య తన సంపాదనతో తన పేరుమీద కొనడం వేరు. బాకీ ఎగవేయడానికి పేర్లు మార్చడం వేరు.

కుటుంబాన్ని ఒకటిగా చూసే చోట్లు

పరపతి చరిత్రలో దంపతులు ఇద్దరైనా, కొన్ని పథకాలలో వారు ఒకే కుటుంబం. పట్టణాలలో ఇల్లు కొనేవారికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 క్రింద వడ్డీ రాయితీ ఉంది. ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయం గల కుటుంబానికి, అర్హతను బట్టి, అయిదు విడతలలో గరిష్ఠంగా లక్షా 80 వేల రూపాయలు లభిస్తాయి. దేశంలో ఎక్కడా ఆ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండరాదు. భార్య ఒక్కరే దరఖాస్తు చేసినా, సరిహద్దు అవతలి పల్లెలో భర్త పేరుమీద పక్కా ఇల్లు ఉంటే ఈ రాయితీ రాదు. దానిని దాచి సంతకం చేయడం తరువాత చిక్కు తెచ్చిపెడుతుంది.

అలాగే సూక్ష్మరుణ సంస్థలు 2022 ఏప్రిల్ నుంచి భార్యాభర్తల అప్పులన్నీ కలిపి, వాయిదాలు కుటుంబ ఆదాయంలో సగం మించకుండా చూడవలసి ఉంది. గృహరుణం తీసుకొన్న తరువాత బృంద రుణానికి వెళ్లే స్త్రీలు దీనిని గుర్తుంచుకోవాలి.

ముప్పై ఒక్క వేల కథ

హోసూరు దంపతులు పేరు తీసివేయకుండా ముందు నివేదిక తెప్పించారనుకొందాం. అందులో భర్త పేరుమీద ఒకే ఒక్క మొండి బాకీ కనబడింది. 2013లో కుప్పం వైపు శాఖలో తీసుకొన్న వేరుశనగ పంట రుణం అది. 2014 మాఫీలో కొంత తీరింది. మిగిలిన భాగం వడ్డీతో 31,000 రూపాయలైంది. హోసూరుకు వచ్చిన తరువాత బ్యాంకు ఉత్తరాలు పాత ఊరి చిరునామాకే వెళ్లాయి. ఆయన దృష్టిలో ఆ అప్పు ఏనాడో ముగిసింది.

ఆ 31,000 కారణంగా 18 లక్షల అప్పు 10 లక్షలకు తగ్గబోయింది. ఒక మనిషి పేరు తన ఇంటి దస్తావేజులో లేకుండా పోబోయింది. పాత శాఖకు వెళ్లి బాకీ కట్టి, పత్రం తెచ్చుకొని, నివేదికలో మార్పు వచ్చిందో లేదో చూసుకొని, కొన్ని నెలలు ఉన్న వాయిదాలన్నీ సకాలంలో కట్టి, తరువాత ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయడం వారికి సరైన దారి. స్కోరు ఎంత పెరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కొంత సొమ్ము ఇస్తే వారంలో స్కోరు పెంచుతామనే దళారులను నమ్మరాదు. నిజమైన ఆలస్యాన్ని నివేదిక నుంచి చెరిపివేసే అధికారం వారికెవరికీ లేదు.

అందరి కథా 31,000తో ముగియదు. బాకీ లక్షలలో ఉన్నచోట, ఇల్లు వెంటనే కావలసినచోట, మంచి స్కోరు గలవారు ఒక్కరే తీసుకోవడం తప్పని మార్గం కావచ్చు. అటువంటప్పుడు చిన్న ఇల్లు చూసుకోవడమో, మరికొంత సొమ్ము కూడబెట్టుకోవడమో చేయాలి గాని చేబదులుతో పూడ్చరాదు. పేరు లేనివారి వాటాకు బ్యాంకు ఖాతాలో జాడ ఉండాలి, వీలునామా ఉండాలి, పేరు ఎప్పుడు చేర్చాలో ఇద్దరి మధ్య మాట ఉండాలి.

బ్యాంకుకు వెళ్లకముందు ఒక సాయంత్రం ఇంటిలోనే ఇద్దరూ కూర్చుని, ఎవరి పేరుమీద ఏ ఊరిలో ఏ అప్పు ఉందో, ఎవరికి జామీను ఉన్నారో ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. దాచినది ఎలాగూ బ్యాంకు నివేదికలో బయటపడుతుంది. అధికారి నోటి నుంచి విని తలదించుకోవడం కంటె భార్యకు భర్త, భర్తకు భార్య ముందుగా చెప్పుకోవడమే ఆ ఇంటికి మొదటి పునాది రాయి.